మట్టిలో సూక్ష్మజీవులను పోషించుకోవడం ఎలా: వేరు దగ్గర మొదలుపెట్టి పూర్తి మార్గదర్శి

మొక్క ఎదగట్లేదనగానే మనం ముందు ఆకు వైపు చూస్తాం. పసుపు పడిందా, ముడుచుకుందా, మచ్చలొచ్చాయా అని చూసి ఏదో ఒక ఎరువు తెచ్చి వేస్తాం. అసలు ఇబ్బంది చాలాసార్లు కింద ఉంటుంది. మట్టిలో ఉన్న నత్రజనిలో దాదాపు అంతా కుళ్ళిన ఆకుల్లో, పాత వేర్లలో, చచ్చిన జీవుల్లో చిక్కుకుని ఉంటుంది. భాస్వరమైతే కాల్షియంతోనో ఇనుముతోనో అల్యూమినియంతోనో అతుక్కుపోయి ఉంటుంది, మట్టి పరీక్షలో మొత్తం భాస్వరం బోలెడంత కనిపించినా వేరుకు దక్కేది చాలా కొంచెం. వీటిని విడదీసి మొక్కకు అందే రూపంలోకి తెచ్చేది సూక్ష్మజీవులే. ఒక్క గ్రాము మంచి మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు, వాటికి తోడు శిలీంద్రాలు, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, కంటికి కనపడని నులిపురుగులు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ జీవుల్లో చాలావరకు మీ మట్టిలో ఇప్పటికే ఉన్నాయి. కొత్తవి ప్యాకెట్‌లో కొనుక్కొచ్చే ముందు, ఉన్నవాటికి తిండి, తేమ, గాలి, నీడ సరిగ్గా అందుతున్నాయో లేదో చూసుకోండి. ప్యాకెట్ నిజంగా పనిచేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటినీ వివరంగా చెబుతాను.

ముందు వేరు దగ్గర ఏం జరుగుతోందో తెలియాలి

ఇది అర్థమైతే కింద చెప్పే పనులు ఎందుకు చెయ్యాలో మీకే తెలిసిపోతుంది, కాబట్టి దాటేయకండి.

మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత భాగాన్ని వేర్ల నుంచి మట్టిలోకి వదిలేస్తుంది. చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు, జిగురు పదార్థాలు అన్నీ కలిసి బయటికొస్తాయి. వృథాగా పోతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ తిండి కోసం బ్యాక్టీరియా వేరు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర గుంపులుగా చేరతాయి. ఈ పలచటి పొరకు 1904లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. దూరంగా ఉన్న మట్టితో పోలిస్తే ఇక్కడ జీవుల సాంద్రత ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక్కడ చేరిన బ్యాక్టీరియా నత్రజనిని తమ ఒంట్లో దాచుకుంటాయి. అవి బతికున్నంతసేపు అది మొక్కకు దక్కదు. అప్పుడు ప్రోటోజోవా, నులిపురుగులు వచ్చి ఆ బ్యాక్టీరియాను తింటాయి. తినేవాటికి అంత నత్రజని అవసరం ఉండదు కాబట్టి మిగిలింది అమ్మోనియం రూపంలో విసర్జిస్తాయి, అదీ సరిగ్గా వేరు పక్కనే. నులిపురుగు అనగానే చంపేయాలనుకుంటాం, నిజానికి మట్టిలో ఉండే వాటిలో ఎక్కువ రకాలు మొక్క జోలికే రావు, బ్యాక్టీరియానో శిలీంద్రాలనో తిని బతుకుతాయి.

శిలీంద్రాల పని వేరు. మైకోరైజా అనే శిలీంద్రాలు వేరు లోపలికి చొచ్చుకుపోయి, అక్కడి నుంచి సన్నటి దారాలను మట్టిలోకి పంపిస్తాయి. భాస్వరం మట్టిలో దాదాపు కదలదు, వేరు తన పక్కన మిల్లీమీటరో రెండో మేర ఉన్నది లాగేసుకున్నాక అక్కడ ఖాళీ అయిపోతుంది. ఈ దారాలు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం వెళ్ళి భాస్వరం, జింకు తెచ్చిస్తాయి, వేరు దూరలేని సన్నటి సందుల్లోకి కూడా దూరతాయి. బదులుగా మొక్క చక్కెర, కొవ్వులు ఇస్తుంది. ఈ పొత్తు కొత్తదేం కాదు, సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల శిలాజాల్లోనే దీని ఆనవాళ్ళు దొరికాయి.

ఇవి కాక, మొక్క పెరుగుదల హార్మోన్లను తయారుచేసే బ్యాక్టీరియా ఉన్నాయి, రోగాలు తెచ్చే బూజులను అడ్డుకునేవి ఉన్నాయి. నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి నుంచే 1943లో స్ట్రెప్టోమైసిన్ మందు బయటపడింది, అంటే అక్కడ ఒకదాన్నొకటి అదుపు చేసుకునే పోరు ఎంత గట్టిగా నడుస్తుందో ఊహించుకోండి.

మొదటి పని: మీ మట్టి ఏ స్థితిలో ఉందో చూడండి

ల్యాబ్ పరీక్ష చేయించగలిగితే ఉదజని సూచిక, అదే పీహెచ్, సేంద్రియ కార్బన్ ఈ రెండూ తప్పకుండా చూడండి. పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలా సూక్ష్మజీవులకు హాయి. 5.5 కంటే తక్కువుంటే ముందు సున్నం వేసి సరిచేసుకోవాలి, లేకపోతే మిగతా కష్టమంతా సగం ఫలితమే ఇస్తుంది.

ల్యాబ్ లేకుండా చేసుకునేవి మూడున్నాయి. తడి మట్టిని చేతిలోకి తీసుకుని వాసన చూడండి. తొలకరి వానకు వచ్చే ఆ మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, దాన్ని ఆక్టినోమైసిటిస్ లాంటి బ్యాక్టీరియా తయారుచేస్తాయి. అది వస్తే మంచిదే. కుళ్ళిన గుడ్డు వాసనో పులిసిన వాసనో వస్తే గాలి ఆడట్లేదని అర్థం.

రెండోది, బాగా ఆరిన మట్టి గడ్డ ఒకటి తీసుకుని గాజు గ్లాసు నీళ్ళలో మెల్లగా వదలండి. సూక్ష్మజీవులు వదిలే జిగురు, శిలీంద్రాల దారాలు కలిసి మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి, అలాంటి గడ్డ చాలాసేపు ఆకారం నిలుపుకుంటుంది. వెంటనే కరిగి అడుగున బురదైపోతే ఆ పట్టు లేదన్నమాట. ఇసుక నేలలకు ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ గడ్డే కట్టదు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. పూర్తిగా నూలుతో నేసిన తెల్లటి గుడ్డ ముక్కలు, పాలిస్టర్ అస్సలు కలవనివి, ఒకే కొలతలో కత్తిరించి తోటలో వేర్వేరు చోట్ల జానెడు లోతులో పాతిపెట్టండి. గుర్తుకు పుల్ల గుచ్చండి. నేల తేమగా, వెచ్చగా ఉండే కాలంలో రెండు నెలలయ్యాక తవ్వి తీయండి. నూలంటే సెల్యులోజ్, అది సూక్ష్మజీవుల తిండి. చిల్లులు పడి పీలికలైతే అక్కడ జీవం చురుగ్గా ఉంది, ఉతికి మళ్ళీ వాడుకునేలా ఉంటే లేదు. ఒకే తోటలో రెండు చోట్లకు ఇంత తేడా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు.

రెండో పని: నేలలో బతికున్న వేరు ఎప్పుడూ ఉండేలా చూడండి

పంట అయిపోయాక నేలను నెలల తరబడి ఖాళీగా వదిలేయడం సూక్ష్మజీవులను పస్తులుంచడమే. మైకోరైజాకు మరీ కష్టం, అవి బతికున్న వేరు లేకుండా పెరగలేవు, వాటి బీజాలు కొంతకాలం నిద్రలో ఉండగలవు గానీ ఖాళీ కాలం పెరిగేకొద్దీ తగ్గిపోతూ ఉంటాయి. అందుకే రెండు పంటల మధ్య ఏదో ఒకటి చల్లండి. ఒక్క రకం కంటే ఒక గడ్డిజాతి, ఒక పప్పుజాతి కలిపి చల్లితే మంచిది, వేర్ల లోతు వేరు, అవి వదిలే పదార్థాలూ వేరు, దానికి తగ్గట్టు చేరే జీవులూ వేరు.

పంట కోశాక మొక్కను వేళ్ళతో సహా పీకేయకండి. నేల మట్టానికి కోసి వేరు లోపలే వదిలేయండి, కుళ్ళిన వేరు ఇటు తిండీ అవుతుంది, గాలి, నీరు దిగే దారీ అవుతుంది. వేరుకుళ్ళు, నులిపురుగుల వల్ల వేర్ల మీద వచ్చే ముడులు ఉన్న మొక్కలకు ఈ మాట వర్తించదు, వాటిని పీకి బయట పారేయాల్సిందే.

మూడో పని: తిండి పెట్టండి, లెక్క చూసి పెట్టండి

చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

బ్యాక్టీరియా ఒంట్లో సుమారు 8 పాళ్ళ కార్బన్‌కు 1 పాలు నత్రజని ఉంటుంది. కానీ తిన్న కార్బన్‌లో మూడింట రెండు వంతులు అవి శక్తి కోసం ఖర్చు చేసేస్తాయి, కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అంటే ఒక పాలు నత్రజనికి 16 పాళ్ళు ఖర్చుకు, 8 పాళ్ళు ఒంటికి, మొత్తం 24. మీరు వేసే పదార్థంలో కార్బన్, నత్రజని నిష్పత్తి 24 దగ్గర ఉంటే వాటికి సరిగ్గా సరిపోయిన భోజనం. అంతకన్నా బాగా ఎక్కువైతే నత్రజని చాలక మట్టిలో ఉన్నది లాగేసుకుంటాయి, మొక్క పసుపు పడుతుంది. తక్కువైతే మిగులు నత్రజని వదిలేస్తాయి, మొక్క పచ్చబడుతుంది.

ఇప్పుడు సుమారు లెక్కలు. కోళ్ళ ఎరువు 10 దగ్గర, పచ్చి పప్పుజాతి మొక్కలు 15 నుంచి 20, ఎండాకులు 50 పైన, ఎండుగడ్డి 80, రంపపు పొట్టు 300 నుంచి 500. రంపపు పొట్టు మట్టిలో కలిపాక మొక్కలు ఎందుకు వాడాయో ఇప్పుడు తెలిసింది కదా. అదే పొట్టును కలపకుండా పైన పరిస్తే ఆ ఇబ్బంది చాలా తక్కువ, ఎందుకంటే నత్రజనికి పోటీ పైపొరలో మాత్రమే జరుగుతుంది. నా సలహా, ఎండువి పైన పరవండి, పచ్చివి పైపైన కలపండి, రెండూ బాగా ఉంటే కంపోస్ట్ చేయండి.

కంపోస్ట్ కుప్పకు ఎండు, పచ్చి కలిపి నిష్పత్తి 25 నుంచి 30 ఉండేలా చూడండి. కుప్ప కనీసం మీటరు ఎత్తు, మీటరు వెడల్పు లేకపోతే వేడి నిలవదు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు కారేంత తేమ చాలు. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, చాలా రోగకారక క్రిములు చస్తాయి. 70 దాటనివ్వకండి, అంతకు మించితే పనిచేసే జీవులే చస్తాయి, అప్పుడు తిరగేసి గాలి ఆడనివ్వాలి. తిరగేసినా మళ్ళీ వేడెక్కట్లేదు, మట్టి వాసన వస్తోంది, వేసిందేమిటో గుర్తుపట్టలేకపోతున్నాం అన్నప్పుడు మాగినట్టు. సగం మాగింది వేర్ల దగ్గర వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఇంకో మాట, కంపోస్ట్, కుండీ మట్టి సంచులు విప్పేటప్పుడు దుమ్ము పీల్చకండి, అందులో లీజియోనెల్లా రకం బ్యాక్టీరియా ఉండే అవకాశముంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. మాస్క్ కట్టుకుని, కాస్త తడిపి వాడండి. చేతికి గాయముంటే గ్లౌజులు తప్పనిసరి.

నాలుగో పని: కప్పండి, తడపండి, అతిగా తవ్వకండి

ఎండకు కాలిన పైమట్టిలో సూక్ష్మజీవులు పనిచేయలేవు. ఆకులు, గడ్డి, పంట వ్యర్థాలు ఏవైనా సరే రెండు మూడు అంగుళాల మందం పరవండి, కాండానికి మాత్రం ఆనించకండి, కాండం కుళ్ళుతుంది.

తేమ విషయంలో మధ్యస్థం మంచిది. మట్టిలోని ఖాళీల్లో సుమారు 60 శాతం నీరు, మిగతాది గాలి ఉన్నప్పుడు గాలి కావాల్సిన జీవులు బాగా పనిచేస్తాయి. నీరు నిలిస్తే ఏమవుతుందంటే, అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేక ఆగిపోతాయి, మరో రకం బ్యాక్టీరియా ఉన్న నైట్రేట్‌ను వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. మీరు వేసిన ఎరువు అక్షరాలా ఎగిరిపోతుంది. కాబట్టి నీరు నిలిచే చోట ముందు కాలువ తీయండి, తర్వాతే సూక్ష్మజీవుల సంగతి.

తవ్విన ప్రతిసారీ శిలీంద్రాల దారాలు తెగుతాయి, లోపలి సేంద్రియ పదార్థం ఒక్కసారిగా గాలికి తగిలి వేగంగా ఖర్చయిపోతుంది. దున్నగానే పంట కళకళలాడుతుంది, అది నిజమే, కానీ అది దాచుకున్న నిల్వ కరిగించగా వచ్చిన కళ. గట్టిపడ్డ నేలను మొదట ఒకసారి బాగా గుల్ల చేసుకోవడంలో తప్పు లేదు, ఆ తర్వాత విత్తనం పడేంత మేరకే కదపండి.

ఐదో పని: ఎరువులు, మందులు చూసి వాడండి

రసాయన ఎరువు వేస్తే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయన్న మాట తరచూ వింటాం. అది అంత సూటిగా నిజం కాదు. తగిన మోతాదులో వేస్తే మొక్క పెద్దదై, వేర్లు పెరిగి, వాటికీ తిండి పెరుగుతుంది. అసలు నష్టం వేరే దారుల్లో వస్తుంది. అమ్మోనియం ఎరువులు ఏళ్ళ తరబడి ఎక్కువగా వేస్తే నేల ఆమ్లంగా మారుతుంది. భాస్వరం దండిగా ఉంటే మొక్క మైకోరైజాకు చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది, నైట్రేట్ దండిగా ఉంటే పప్పుజాతి మొక్క వేరు బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. అడగకుండానే అన్నీ దొరుకుతుంటే పొత్తు ఎందుకు? అందుకే మట్టి పరీక్ష చూసి, కొంచెం కొంచెంగా, విడతలుగా వేయండి. బూజు మందులు నేలలో పోయడం మాత్రం నిజంగా అవసరమైనప్పుడే చేయండి, అవి మంచి శిలీంద్రాన్నీ చెడ్డదాన్నీ వేరు చేసి చూడలేవు.

ఆరో పని: పప్పుజాతికి రైజోబియం, ఇక్కడ ప్యాకెట్ కొనండి

గాలిలో 78 శాతం నత్రజనే, కానీ మొక్కకు ఒక్క కణం కూడా నేరుగా పనికిరాదు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం రకం బ్యాక్టీరియా దాన్ని పట్టి ఇస్తాయని 1880ల్లో జర్మన్ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించారు, 1888లో డచ్ శాస్త్రవేత్త బేయెరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచాడు. దీని బలం ఎంతో తెలియాలంటే బ్రెజిల్ సోయాను చూడండి. యోహానా డోబెరైనర్ లాంటి శాస్త్రవేత్తల కృషి వల్ల అక్కడ సోయాను నత్రజని ఎరువు దాదాపు లేకుండానే, విత్తనానికి బ్యాక్టీరియా పట్టించి పండిస్తున్నారు.

ఏ పంటకు ఆ రకమే కావాలి. సోయాకు పనిచేసేది శనగకు పనిచేయదు, శనగది బఠాణీకి పనిచేయదు. ఆ నేలలో ఆ పంట ఇంతకు ముందెప్పుడూ వేయకపోతే, లేదా వేసి చాలా ఏళ్ళయితే కల్చర్, అంటే ప్యాకెట్‌లో అమ్మే ఆ బ్యాక్టీరియాను, విత్తనానికి తప్పకుండా పట్టించండి. ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టి అమ్ముతుంటే కొనకండి, లోపల ఉన్నవి ప్రాణులు.

పట్టించే తీరు ఇది: నీళ్ళలో కాస్త పంచదార కరిగించి ఆ జిగురులో ప్యాకెట్ మీద చెప్పిన మోతాదు కల్చర్ కలపండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచండి. విత్తనాల మీద పోసి పై పొర ఊడకుండా మెల్లగా కలిపి, నీడలో ఆరబెట్టి, అదే రోజు తడి నేలలో విత్తేయండి. విత్తనానికి బూజు మందు పట్టించాల్సి వస్తే కల్చర్‌ను విత్తనానికి కాకుండా మాగిన ఎరువులో కలిపి చాళ్ళలో వేయండి.

పూత సమయానికి రెండు మొక్కలను పారతో మట్టి పెళ్ళతో సహా తీసి, నీళ్ళలో నానబెట్టి కడగండి. పీకితే బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. ఒక బుడిపెను గోరుతో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పనిచేస్తోంది, అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు, ఆక్సిజన్‌ను అదుపులో ఉంచే పదార్థం. తెల్లగా ఉంటే ఇంకా లేతది లేదా పనిచేయని రకం, పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే దాని పని అయిపోయింది. బుడిపెలే లేకపోతే నేలలో నత్రజని ఎక్కువై ఉండాలి, లేదా కల్చర్ చచ్చిపోయి ఉండాలి, లేదా నేల బాగా ఆమ్లంగా ఉండాలి. మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం లోపం ఉన్నా బుడిపె సరిగా పనిచేయదు.

మిగతా ప్యాకెట్ల సంగతి

మైకోరైజా పొడి నారు నాటేటప్పుడు వేరుకు తగిలేలా గుంటలో వేస్తేనే ఉపయోగం, పైన చల్లితే పెద్దగా లాభం లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు, ముల్లంగి, పాలకూర, బీట్‌రూట్ లాంటివి ఈ శిలీంద్రంతో పొత్తే పెట్టుకోవు, వాటికి డబ్బు తగలేయకండి. రోగాలు తెచ్చే బూజులను అడ్డుకునే శిలీంద్రం ట్రైకోడెర్మాను మాగిన ఎరువులో కలిపి, తేమగా, నీడలో వారం పది రోజులు పెంచి వేస్తే బాగా నిలదొక్కుకుంటుంది. కంపోస్ట్‌ను నీళ్ళలో నానబెట్టి చల్లే కషాయం ఫలితాలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి, పచ్చిగా తినే ఆకుల మీద మాత్రం అస్సలు చల్లకండి, ఎరువులోని హానికర బ్యాక్టీరియా ఆకుకు అంటుకుంటుంది.

కుండీల్లో పెంచేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, కొబ్బరి పొట్టు మిశ్రమంలో జీవం చాలా తక్కువ, అందులో ఐదో వంతు మాగిన కంపోస్ట్ కలపండి. కుండీ పక్కలు ఎండకు బాగా కాలతాయి, ఆ గోడకు ఆనుకున్న వేర్ల దగ్గరే ఎక్కువ నష్టం, కాబట్టి మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా పెట్టండి.

ఎన్నాళ్ళకు తేడా కనిపిస్తుంది

బ్యాక్టీరియా తిండి పడిన కొన్ని రోజుల్లోనే పెరుగుతాయి, శిలీంద్రాల దారాలకు వారాలు పడుతుంది, నేలలో సేంద్రియ కార్బన్ శాతం కొలిచేంతగా పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ మూడింటినీ ఒకే గడువుతో చూసి టెన్షన్ పడకండి. మొదటి పంటకే దిగుబడి పెరగకపోవచ్చు, నీరు త్వరగా ఇంకడం, వానపాములు కనిపించడం, మట్టి పారకు తేలిగ్గా తెగడం ముందు కనిపిస్తాయి. నిజంగా మీరు చేసిన పని వల్లే మార్పు వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే ఒక మడిని పాత పద్ధతిలోనే వదిలేయండి, అదే విత్తనం, అదే నీరు, అదే రోజు విత్తడం, పంట చివర రెండు మడుల దిగుబడినీ విడివిడిగా తూకం వేసి రాసి పెట్టుకోండి, ఒక్క పంట చూసి తేల్చేయకుండా కనీసం మూడు పంటలు అలాగే పోల్చండి.